మూట అడుగు గింజ

మొదట్లో అతని చేతిలో ఉన్నవి నాలుగు: వీధి మలుపులో ధాన్యం కొట్టు, మూటలోకి లోతుగా గుచ్చి గింజ తీసి చూసే ఇనుప గొట్టం, ఏడో నెల కడుపుతో ఉన్న భార్య, ముక్కు మీద కోపం. చివరిది తండ్రి నుంచి ఉచితంగా వచ్చింది.

భార్యకు షుగరు వచ్చిందని ఆసుపత్రిలో చెప్పినప్పుడు అతను దాన్నీ వ్యాపారంలాగే పంచాడు. తిన్న గంటకు వేలు గుచ్చి మిషన్లో నంబరు చూడటం ఆమె పని. నంబరు డాక్టరమ్మ చెప్పిన గీత దాటితే అరవడం తన పని. మొదటి వారం గోడలు అదిరాయి. "ఏం తిన్నావ్? నోరు కట్టుకోవడం చేతకాదా?" తర్వాత నంబర్లు బుద్ధిగా దారికొచ్చాయి. గట్టిగా ఉంటే గాని ఏ పనీ జరగదని అతను మురిసిపోయాడు.

ఆ మురిపెం స్కానింగు గదిలో ఇగిరిపోయింది.

"బిడ్డ నెలకు మించి బరువుంది. ఉమ్మనీరూ ఎక్కువే," అంది డాక్టరమ్మ. "మీరు చెప్పే నంబర్లకీ దీనికీ పొంతన లేదు. ఇలాగే సాగితే బిడ్డకి ముప్పు."

అతనికి ఒళ్లు మండింది. పై గింజ ఒకటీ అడుగు గింజ ఒకటీ అయిన మూటలు ఎన్ని చూడలేదు! ఇంటికి రాగానే తగులుకున్నాడు.

"నిజం చెప్పు. ఆ నంబర్లు ఎవరివి?"

"నావే. రెండు ముద్దలే తిని, గంట ఆగి, గుచ్చుకునేదాన్ని. మిగతా అన్నం ఆ తర్వాత తినేదాన్ని."

"నన్నే మోసం చేస్తావా!"

వంటింట్లోంచి అతని తల్లి అందుకుంది. "ఇద్దరి తిండి తినాల్సిన పిల్లని పస్తులు పెడతావేంట్రా? మా రోజుల్లో షుగరూ లేదు, సూదీ లేదు. తీపి నేనే పెట్టా. ఏం, కేసు పెడతావా?"

"నువ్వాగమ్మా!"

"ఆవిడ మీద అరవకండి." భార్య నడుం పట్టుకుని లేచింది. "అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఎవరి మీద కోపమైనా చివరికి నా వేలి దగ్గరికే తెస్తారు. కొట్లో మీరేగా అంటారు, చెడ్డ గింజ కనపడగానే రంకెలేసేవాడికి ఎవడైనా మూట పైన మంచి గింజ పరిచి చూపిస్తాడని? నేనూ పరిచా. మీ నోటికి భయపడి నా బిడ్డని మోసం చేశా. నా మీద నాకెంత మంటగా ఉందో, మీ మీద దానికి రెట్టింపుంది."

 

ఆ సాయంత్రం ఆమె అతని ఎదుటే కడుపునిండా తింది. గంట ఆగి వేలు గుచ్చుకుని మిషన్ను అతని అరచేతిలో పెట్టింది. నంబరు గీతను ఎప్పుడో దాటేసింది.

"ఊఁ, అరవండి."

అతని మెడ నరాలు ఉబ్బాయి. మింగలేక కక్కలేక, "రేపు డాక్టరమ్మకి ఇదే చూపిద్దాం," అన్నాడు. తల్లి తొంగి చూసి, తీపి గిన్నె తీసుకెళ్లి పైఅరలో పెట్టేసింది.

ఆ నంబరు చూశాకే డాక్టరమ్మ ఇన్సులిన్ రాసింది. తర్వాతి స్కానింగులో బిడ్డ బరువు అదుపులోకి వచ్చింది.

మొత్తం మీద తేలిన లెక్క ఇది. పోయింది, ఇంట్లో అరిచే హక్కు. భార్య మంట ఇంకా చల్లారలేదు, కాబట్టి అది ఖర్చులోనే ఉంది. చేతికొచ్చిన లాభం ఒక్కటే: మూట అడుగు నుంచి తీసిన ఒక చెడ్డ నంబరు.