అరవై దగ్గర ఆయాసం

నేను ఒక రబ్బరు పైపుని. మూరెడు కూడా ఉండను. మధ్యలో మోచేయిలా ఒక వంపు, రెండు కొసల్లో రెండు ఇనుప క్లిప్పులు. కారు కొన్నవాడెవడూ నా పక్కన నిలబడి ఫొటో దిగలేదు. అయినా ఒక ఎర్ర కారు మూడు నెలలు షెడ్డులో మూలిగిందంటే, ఒక పెద్దమనిషికి అన్నం సయించకుండా పోయిందంటే, అదంతా నా నిర్వాకమే. దాచి ఏం లాభం? ఒప్పేసుకుంటున్నాను.

సముద్రాల అవతల ఏదో ఫ్యాక్టరీలో పుట్టాను. పుట్టీ పుట్టగానే టర్బోకీ ఇంజనుకీ మధ్య నన్ను బిగించేశారు. టర్బో అంటే గాలిని బలవంతంగా ఇంజనులోకి నెట్టే చిన్న చక్రం. మామూలు కార్లు పరిగెడితే మా కారు దూకేది దాని చలవ వల్లే. ఆ గాలంతా నాలోంచే వెళ్ళాలి. పొగిడేటప్పుడు మాత్రం అందరూ ఇంజన్నే పొగిడేవారు.

మా మొదటి యజమాని హైదరాబాదులో బిల్డింగులు కట్టేవాడు. సిగ్నలు దగ్గర ఆగినప్పుడల్లా బర్రుమనిపించి, ఎవరు చూస్తున్నారా అని అటూ ఇటూ చూసేవాడు. రెండో ఆయన పళ్ళ డాక్టరు. ఆయన కారు నడపలేదు, తుడిచాడు. ఆరేళ్ళు ప్రతి ఆదివారం తుడిచి, ముసుగు కప్పి, లోపలికి పోయేవాడు. వాడకపోతే రబ్బరు ఎండిపోతుందని ఆ మహానుభావుడికి ఎవరు చెప్పాలి? ఎండి ఎండి నా పొట్ట అడుగున ఒక పగులొచ్చింది. పైనుంచి చూస్తే నిక్షేపంలా ఉంటాను.

మూడో యజమాని గవర్రాజు గారు. తణుకు డిపోలో ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. ఆ బస్సుకి స్పీడు లాకు ఉండేది. ఎంత తొక్కినా అరవై దాటేది కాదు. సైకిళ్ళు తప్ప అన్నీ ఆయన్ని దాటి పోయేవి. రిటైరైన నెలకే వెళ్ళి మమ్మల్ని తెచ్చుకున్నాడు.

"నా చేత్తో ఒక్కసారి వంద చూడాలే, వేణీ. ఒక్కసారి చాలు," అన్నాడు భార్యతో.

"ఈ వయసులో ఇదేం సరదా అండీ? నలుగురూ నవ్విపోతారు," అంది సత్యవేణి గారు.

మర్నాడే హైవే ఎక్కించాడు. అరవై వరకూ వెన్నలా వెళ్ళాం. ఆపైన టర్బో గట్టిగా ఊదేసరికి నా పగులు నోరు తెరిచింది. గాలి బుస్సుమని బయటికి పోయింది. ఇంజను దగ్గి, నల్లటి పొగ కక్కి, మళ్ళీ అరవైకి దిగిపోయింది. గవర్రాజు గారి మొహం చూడాలి! చచ్చేంత సిగ్గేసింది నాకు.

కారుని మెకానిక్కు ఏసుపాదం షెడ్డుకి చేర్చారు. పనిమంతుడే, కాదనను. కానీ బండిని నిలబెట్టే పరీక్ష చేస్తాడు. నిలబెట్టి తొక్కితే టర్బో గట్టిగా ఊదదు, నా పగులు తెరుచుకోదు. ఇంకెలా దొరుకుతాను? ప్లగ్గులు మార్చాడు, కాయిల్సు మార్చాడు, పెట్రోలు పంపు మార్చాడు. షెడ్డులో పెళ్ళికొడుకులా ఉండేది, రోడ్డెక్కితే అరవై దగ్గర ఆయాసం. చివరికి కంప్యూటరు తగిలించాడు.

"గాలి లెక్క తప్పుతోందండి. ఆ సెన్సారు పోయింది. కంప్యూటరే చెప్పాక ఇంక తిరుగులేదండి, ఆయ్," అన్నాడు.

ఆ సెన్సారు నా పొరుగువాడే. తను లెక్కపెట్టిన గాలి ఇంజను దాకా చేరడం లేదని ఉన్నమాటే చెప్పాడు పాపం. ఉన్నమాట చెప్పినవాణ్ణే ముందు ఊడబీకారు. కొత్తవాడొచ్చి అదే మాట చెప్పాడు. నేను మాత్రం కిక్కురుమనలేదు. దొరికితే చెత్తడబ్బాలోకే కదా నా ప్రయాణం!

మూడో నెల దాటేసరికి సత్యవేణి గారికి విసుగొచ్చింది. భీమవరంలో పాత కార్లు విడగొట్టి సామాన్లు అమ్మే మనిషితో మాట్లాడింది. ఆదివారం పది గంటలకి వస్తానన్నాడతను. ఈలోగా బాగైతే సరి, లేకపోతే ఇచ్చేద్దామంది. గవర్రాజు గారు తలూపాడు. ఎదురు చెప్పే ఓపిక కూడా లేదు మనిషికి.

శనివారం మధ్యాహ్నం ఆవిడ క్యారేజీ పట్టుకుని షెడ్డుకొచ్చింది. ఆయన కదలని కారులో స్టీరింగు పట్టుకుని కూర్చుని, ఎదురుగా ఉన్న గోడనే చూస్తున్నాడు. ఆవిడ చెంగుతో కళ్ళు ఒత్తుకుని, ఏసుపాదం మీద పడింది.

"గాలి పోతోందంటావు. ఎక్కణ్ణించి పోతోందో చూశావా?"

"కనపడదు కదండీ గాలి!"

"మా ఇంట్లో గ్యాసు బండ మార్చినప్పుడు పైపుకి సబ్బునురగ రాసి చూస్తారు. బుడగొస్తే లీకు. నీకు తెలీదా ఆ మాత్రం?"

చేతులు కడుక్కునే సబ్బుతో నురగ చేసి ఆవిడే మా పైపులన్నిటికీ పూసింది. ఏసుపాదం రెండు కొసలూ మూసి, టైర్లకి గాలి పట్టే మిషనుతో లోపలికి గాలి వదిలాడు. నేను ఊపిరి బిగబట్టాను. ఏం లాభం? నా పొట్ట కింద ఉసిరికాయంత బుడగ లేచింది.

"ఓరి నీ అమ్మ కడుపు కాలా! నువ్వా?" అన్నాడు ఏసుపాదం. మూడు నెలలకి నాతో మాట్లాడిన మొదటి మనిషి.

సాయంత్రానికి లారీ సామాన్ల కొట్టులో అదే లావు పైపు దొరికింది. నన్ను విప్పి, క్యారీబ్యాగులో వేసి, కారు వెనక సీట్లో పడేశాడు. "పాత సామాను మీ దగ్గరుండాలండి. లేకపోతే మార్చలేదంటారు," అన్నాడు.

ఆదివారం ఎనిమిదింటికి హైవే ఎక్కాం. భీమవరం మనిషికి రావద్దని ఫోను చెయ్యమన్నాడు గవర్రాజు గారు. "ముందు నడపండి, చూశాక చేస్తాను," అంది ఆవిడ ఫోను ఒళ్ళో పెట్టుకుని.

నలభై, యాభై, అరవై. అక్కడ ఆగింది ముల్లు. దగ్గు లేదు, పొగ లేదు, ఇంజను హాయిగా ఉంది. అయినా కదలదే!

"ఏమైందండీ?"

"ఎదురుగాలి," అన్నాడు. కిలోమీటరు పోయాక, "రోడ్డు బాలేదు," అన్నాడు. రోడ్డు అద్దంలా ఉంది. ఒక కోళ్ళ వ్యాను మమ్మల్ని దాటి పోయింది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. చివరికి గొంతు తగ్గించి చెప్పేశాడు.

"కాలు కదలట్లేదే, వేణీ. వెనకాల యాభై మంది కూర్చున్నట్టే ఉంది."

సత్యవేణి గారు నవ్వలేదు. సీట్లోంచి పూర్తిగా వెనక్కి తిరిగి, ఓపిగ్గా సీటంతా చూసింది.

"ఎవరూ లేరండీ. అందరూ దిగిపోయారు. ఒక్క పాత పైపుంది. దానికేం భయం లేదుట, పోనివ్వమంటోంది."

గవర్రాజు గారు తొక్కాడు. కారు దూకింది. డెబ్భై, ఎనభై, తొంభై, వంద! ఆయన చిన్నపిల్లాడిలా కేక పెట్టాడు. ఆవిడ ఒక చేత్తో డోరు పట్టుకుని, రెండో చేత్తో భీమవరానికి ఫోను కలిపి, "రావద్దు నాయనా, రావద్దు!" అని నవ్వుతూ అరిచింది.

నేను సీటు మీంచి కింద పడి, ఆ మూలకీ ఈ మూలకీ దొర్లాను. భయం లేదని నేనెప్పుడన్నాను? గుండె జారిపోయింది. అయినా ఆయన చివరి ప్యాసింజర్ని కదా, కిక్కురుమనకుండా కూర్చున్నాను.