కాకి ముట్టని ముద్ద

చిక్కడపల్లిలో కాకులు కరువయ్యాయని ఆ రోజు దాకా రమాకాంత్ గమనించనే లేదు.

కిషన్ రావు పోయి పదో రోజు. అపార్ట్‌మెంట్ మిద్దె మీద విస్తరి వేసి, అతనికి ఇష్టమైనవన్నీ పెట్టారు. అన్నం, పప్పు, గారెలు, నారాయణగూడ హోటల్ నుంచి తెచ్చిన ఇరానీ ఛాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. కాకి వచ్చి ముట్టిందా, పోయినవాడు తృప్తిగా వెళ్లినట్టు. ముట్టలేదా, ఏదో కోరిక మిగిలిందని లెక్క. గంట దాటింది. వచ్చినవన్నీ పావురాలే.

"హుష్! పావురం ముడితే లెక్కగాదు. కొట్టుండ్రి దాన్ని," అని అరిచింది కమలవ్వ. కిషన్ రావుకు మేనత్త, ఎనభై దాటిన మనిషి.

విస్తరి పక్కన కుర్చీలో దండ వేసిన ఫొటో. పసుపు చొక్కా, వెనక తెరచాప, ఆ వెనక నీలంగా సముద్రం, మూతి నిండా నవ్వు. అందరూ ఆ ఫొటో చూసి కళ్లు ఒత్తుకుంటున్నారు. రమాకాంత్ మాత్రం నేల చూపులు చూస్తున్నాడు.

నలభై ఏళ్ల దోస్తీ వాళ్లది. ఇద్దరిదీ అశోక్‌నగర్‌లో ఒకే గల్లీ. ఇరవై ఏళ్ల వయసులో లోయర్ ట్యాంక్ బండ్ మీదుగా నడిచి వెళ్లి, హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకున్నారు. ముక్కు మూసుకుని ఆ గట్టు నుంచి ఈ గట్టుకు తిరుగుతూ, ఎప్పటికైనా అసలు సముద్రంలో దీవి నుంచి దీవికి పోదామనుకున్నారు, ఇద్దరమే. ఉద్యోగాలు, పిల్లలు, బీపీలు అయ్యాక, ఒకడు కరెంటాఫీసు నుంచి, ఇంకొకడు బ్యాంకు నుంచి రిటైరయ్యాక, అండమాన్‌లో పది రోజులకు పడవ కిరాయికి తీసుకున్నారు.

మొదటి ఐదు రోజులూ స్వర్గమే. పొద్దుగూకేసరికి ఏదో ఒక దీవి పక్కన లంగరు వేయడం, అన్నం వండుకోవడం, కొబ్బరి చెట్ల కింద కాళ్లు చాపుకుని కాలేజీ రోజుల అబద్ధాలే మళ్లీ చెప్పుకోవడం. "మన సాగర్‌ల చెయ్యి పెడితే చెయ్యే కనవడది. ఈడ చూడు, అడుగున లంగరు కనవడుతున్నది!" అని కిషన్ రావు రోజూ కొత్తగా ఆశ్చర్యపోయేవాడు.

ఆరో రోజు పొద్దున చుక్కాని రమాకాంత్ చేతిలో ఉంది. తెరచాప ముడి బిగించడానికి లేచిన కిషన్ రావు, పడితే పట్టి ఉంచే తాడును నడుముకు కట్టుకోబోయాడు.

"ఈ గాలికి తాడేందిరా? సాగర్‌ల ఎన్నడన్న కట్టినవా?" అని ఎగతాళి చేశాడు రమాకాంత్.

కిషన్ రావు నవ్వి తాడు వదిలేశాడు. ఆ నవ్వు చూసి రమాకాంత్‌కు ముచ్చటేసింది. "ఆగు, ఒక్క ఫొటో," అని చుక్కాని వదిలి రెండు చేతులతో ఫోను పట్టుకున్నాడు. ఫొటో పడింది. పడవ పక్కకు తిరిగింది. తెరచాప అడుగున ఉండే బరువైన కర్ర ఆ వైపు నుంచి ఈ వైపుకు విసురుగా వచ్చి, నవ్వుతున్న మనిషిని తల మీద కొట్టి నీళ్లలోకి తోసింది. రమాకాంత్ పడవను తిప్పి తిప్పి వెతికాడు, గొంతు పోయేదాకా పిలిచాడు. మూడో రోజు జాలర్లకు శవం దొరికింది. అక్కడే దహనం చేసి, బూడిద తెచ్చారు.

పోలీసులకూ, ఫోన్లో కిషన్ రావు భార్య మనోరమకూ అతను చెప్పింది ఒకటే మాట. "ఆరింటికి ఛాయ్ పెట్టనీకి కిందికి పోయిన. ఏడింటికి పైకొచ్చి చూస్తే లేడు." అబద్ధం చెప్పాలని కాదు, నోటికి అదే వచ్చింది. వచ్చాక వెనక్కి తీసుకునే ధైర్యం లేకపోయింది. కిషన్ రావు పోయిన ఐదో రోజు అతని కూతురు రాగిణి అడిగితే, ఉన్న ఫొటోలన్నీ చూడకుండా పంపేశాడు. ఆ ఫోను ప్రతి ఫొటో మూలనా తేదీ, టైం వేస్తుంది. పసుపు చొక్కా ఫొటో మీద ఆరు నలభై రెండు. అప్పటి నుంచి తేలు కుట్టిన దొంగ బతుకే అయింది అతనిది. ఈ పొద్దున ఫ్రేములో ఆ మూల కనబడకపోయేసరికి, ఫ్రేం కట్టినవాడు కోసేసి ఉంటాడనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. ఊపిరి పీల్చుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"అగో, వచ్చింది!" అన్నారెవరో. నీళ్ల ట్యాంకు మీద ఒంటి కాకి. విస్తరి వైపు చూసింది, దిగలేదు.

"కిషనూ, బర్కత్‌పుర ఇల్లు అమ్మం, పో," అంది కమలవ్వ. కాకి కదలలేదు.

"నాన్నా, అమ్మను నా దగ్గరనే ఉంచుకుంట," అంది రాగిణి ఏడుస్తూ. కాకి ముక్కుతో రెక్క గోక్కుంది.

దానికేం కావాలో ఈ మిద్దె మీద తనొక్కడికే తెలుసు. చెప్పేస్తాననుకున్నాడు రమాకాంత్. ఇందరి ముందూ చెప్పేస్తాను, ఏమంటే అది పడతాను. రెండడుగులు ముందుకు వేశాడు. నోరు తెరిచాడు. ముందు ఎవరి వైపు తిరిగి చెప్పాలో తోచక ఆగాడు.

అంతలో మనోరమ లేచి విస్తరి ముందు నిలబడి చేతులు జోడించింది.

"మీ దోస్తు మీదనే కదా మీ పానం? ఆయన్ను మేం ఒక్క మాట అనం. నా తోడబుట్టినోని లెక్క చూసుకుంట. ఇగ వచ్చి ముట్టుండ్రి."

కాకి దిగింది. గారె ముక్క నోట కరుచుకుని ఎగిరిపోయింది. "అదీ సంగతి! దోస్తు మీద దిగులు, రంది పెట్టుకున్నడు పిచ్చోడు," అని కమలవ్వ ముక్కు చీదింది. అందరూ రమాకాంత్ భుజం తట్టి కిందికి దిగారు. అతను తెరిచిన నోరు మూసుకున్నాడు. బతికిపోయాననే అనుకున్నాడు, ఆ క్షణానికి.

భోజనాల దగ్గర మనోరమే స్వయంగా వడ్డించింది. రమాకాంత్ మొదటి ముద్ద నోటి దాకా తెచ్చి, తిరిగి విస్తరిలోనే పెట్టేశాడు. ఆమె చారు గిన్నెతో వంగినప్పుడు, ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు:

"చెల్లే... ఆ పొద్దు నేను ఛాయ్ పెట్టనీకి కిందికి పోలే."

"తెల్సు అన్నా. ఫొటో మీద టైం ఉండె." ఆమె చారు గిన్నెలో గరిటె తిప్పింది. "పది మంది కండ్లల్ల పడతదని ఆ మూల నేనే కోయించిన."

అతను విస్తరిలోని ముద్దను వేళ్లతో చిదిపాడు.

"ఐదు రోజులాయె, మీరే వచ్చి చెప్తరని చూస్తున్న. ఇగ ఆయనకు మాటిచ్చిన, ఏమనను. తినుండ్రి." ఆమె అతని అన్నంలో చారు పోసింది. "కాకికంటె ముందు మీరొస్తరనుకున్న."

గరిటె గిన్నెలో వేసుకుని పక్క విస్తరి దగ్గరికి వెళ్లిపోయింది.