పోటు

చిరిగిన వలని కాలి బొటనవేలికి తగిలించి, లాగిపెట్టి, ఎర్రన్న ముడి మీద ముడి వేస్తున్నాడు. ఎండకి మాడిన వీపు, ఉప్పుకి తెల్లబడిన వేళ్ల సందులు, తాళ్లు లాగి లాగి కాయలు కాసిన అరచేతులు. తెల్లారినుంచీ ఎడమ భుజం ఒకటే సలుపు. నిన్న వల బరువుగా వచ్చింది, అందుకే అనుకున్నాడు. ఆ సలుపు ఇప్పుడు మోచేతి దాకా దిగింది.

ఒంట్లో బాగోలేదని చెప్పుకోవడం అతని వంశంలో లేదు. జ్వరమొచ్చినా ఎండ తగిలిందంటాడు. మహా మొండిఘటం! పొద్దున్నే చేపల తట్టతో ఆమదాలవలస ఆటో ఎక్కుతూ భార్య లక్ష్మణమ్మ, "మొకం అలాగున్నాదేటి?" అంటే, "నీ మొకం సూసుకో" అని నవ్వించి పంపేశాడు.

కూతురు అనూరాధ సముద్రానికి వీపు పెట్టి, పడవ నీడలో ఫోను పట్టుకు కూర్చుంది. శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతోంది. ఏదో ఒక యాప్ ఉందట. ఒక మాట కొడితే దాన్ని మధ్యలో పెట్టి, సంబంధమున్న మాటలన్నీ చుట్టూ గుండ్రాలుగా గీసి, గీతలతో కలిపి చూపిస్తుందట. వాడి చూసి రమ్మన్నారు కాలేజీలో.

"నాన్నా, ఒక మాట సెప్పు."

"పోటు," అన్నాడు. సాయంత్రం మేనల్లుడు గంగులుతో కలిసి పడవ దింపాలి. సముద్రం పోటు మీదుంటే కుదరదు. అందుకే ఆ మాటే నోటికొచ్చింది.

తెర మధ్యలో పోటు వచ్చింది. చుట్టూ ఆటు, అల, చంద్రుడు, తుఫాను. "ఓలమ్మో, వలలాగే ఉన్నాదే!" అని ముచ్చటపడి, ఎర్రన్న తడి బొటనవేలు ఓ మూల ఆనించాడు.

"ఈ ఎర్రదేటి?"

"గుండెపోటు. మాట కలిసిందని దాన్నీ తెచ్చేసింది. అది మనకొద్దులే," అని అనూరాధ ఫోను తన వైపు తిప్పేసుకుంది.

దాన్నుంచి వెళ్లే గీతలు ఎక్కడికి పోతాయో అడుగుదామనుకున్నాడు ఎర్రన్న. అడిగితే పిల్ల ఎందుకంటుంది. చెబితే ఆస్పత్రంటుంది. గంగులు ఒక్కడూ పడవ దింపలేడు. ఇంకో ముడి వేశాడు.

మధ్యాహ్నానికి గాలి ఆగిపోయింది. ఒడ్డున కాకి కూడా అరవడం లేదు. ఒళ్లంతా చెమట, అదీ చల్లగా. ఎర్రన్నకి మొదటిసారి భయమేసింది. సిగ్గు విడిచి చెప్పేశాడు.

"అమ్మా, పోటెక్కువగున్నాదే."

అనూరాధ తలెత్తలేదు. నిజానికి ఆమె ప్రాణం కుదుటపడింది. పోటులోనే పడవ దింపేస్తాడేమోనని ఆమె దిగులు.

"మంచిదేలే. ఈయేళ పడవ దింపకు. కాసేపు తొంగో నాన్నా, సాయంత్రానికి అదే తగ్గిపోతాది."

"తగ్గుతాదంటావా?"

"తగ్గకేటవుతాది?"

చదువుకున్న పిల్ల చెప్పింది. ఎర్రన్న నమ్మాడు. వల మీదే ఒరిగి కళ్లు మూసుకున్నాడు.

పొద్దు వాలాక గంగులు వచ్చాడు. "మావా, లెగు! ఇంకా తొంగున్నావేటి?"

"పోటెక్కువున్నాదంట బావా. నాన్నే సెప్పాడు," అంది అనూరాధ.

"పోటేటే? పొద్దున్నుంచీ సముద్రం పలకలాగున్నాది కదే!" అంటూ గంగులు ఎర్రన్న భుజం పట్టి కదిపాడు. ఆ చెయ్యి చటుక్కున తీసేశాడు.

అనూరాధ వెనక్కి తిరిగి సముద్రాన్ని చూసింది. తండ్రి ఏ పోటు సంగతి చెప్పాడో అప్పుడు అర్థమైంది. పాపం, ఆ పిల్లకి ఏడుపు కూడా రాలేదు. చేతిలో ఫోను ఇసుకలోకి జారిపోయింది.

తెర ఇంకా వెలుగుతూనే ఉంది. మధ్యలో పోటు, మూలన ఎవరూ తెరవని ఎర్ర గుండ్రం, దాని మీద ఉప్పు ఆరి తెల్లగా మిగిలిన బొటనవేలి ముద్ర.