రెండు వందల నలభై సున్నపు చుక్కలు

పని మొదలుపెట్టిన రోజున చౌడప్ప చేతిలో ఉన్నది బ్యాంకులో నాలుగు లక్షల ఇరవై వేలు, కాగితం మీద ఇంకో మూడు లక్షల ఇరవై వేలు, క్లబ్బు సభ్యులు తలా కొంత వేసుకున్న అరవై వేలు, తను చిక్కమ్మకు ఇచ్చిన ఒక మాట. మొదటి మూడింటికీ కాగితాలున్నాయి. నాలుగోదానికి ఏదీ లేదు. అందుకని దాన్నే అతను ఎక్కువ జాగ్రత్తగా పెట్టుకున్నాడు.

చిక్కమ్మది బైరకూరు దాటాక వచ్చే అరవై గడపల పల్లె. అక్కడి బోరు నీళ్లు తాగి పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు పడ్డాయి. పెద్దవాళ్లకు మోకాళ్లు బిగుసుకుపోయాయి. చిక్కమ్మ మొగుడు పిల్లప్ప స్తంభం పట్టుకోకుండా లేవలేడు. ఆ పల్లెకు నీళ్లు శుద్ధి చేసే మిషన్ తెప్పిస్తానని చౌడప్ప మాటిచ్చాడు.

మాటివ్వడానికి కారణముంది. ఊళ్లో బంగారు గనులు మూతపడిన ఏడాది చౌడప్పకు ముప్ఫై ఏళ్లు. తాత చిత్తూరు వైపు నుంచి వచ్చి గనిలో దిగాడు, తండ్రి దిగాడు, తనూ దిగాడు. ఒక్కసారిగా దిగడానికి గనే లేకుండా పోయింది. పెట్టుబడి లేదు, పూచీ ఇచ్చేవాడు లేడు. అప్పుడు పిల్లప్ప పన్నెండు మూటల రాగులు లారీకెత్తించి, "అమ్మినాంక తెచ్చియ్యిపో" అన్నాడు. చీటీ కూడా రాయించుకోలేదు. ఆండర్సన్‌పేటలో ఇవాళ చౌడప్పకున్న రాగుల మండీకి మొదటి సరుకు ఆ పన్నెండు మూటలే. డబ్బు ఎప్పుడో తీర్చేశాడు. కానీ పిల్లప్ప స్తంభం పట్టుకుని లేస్తుంటే చూసిన ప్రతిసారీ ఆ లెక్క ఇంకా ముగియలేదనిపించేది.

ఊరిగాం సేవా క్లబ్బులో ఇరవై ఇద్దరు సభ్యులు. రిటైరైన హెడ్మాస్టరు, పళ్ల డాక్టరు, మందుల షాపువాళ్లు, బ్యాంకువాళ్లు. కోశాధికారి చౌడప్ప. బెంగళూరులోని ఒక ధర్మసంస్థ ఈ పనికి ఏడు లక్షల నలభై వేలు ఒప్పుకుంది. మొదటి విడతతో గది, ట్యాంకు, పైపులు. ఆ లెక్కలు చూసి ఒప్పుకున్నాకే రెండో విడత. మిషన్ వచ్చేది ఆ రెండో విడతతోనే.

ఆగస్టులో గది కట్టడం మొదలైంది. అంచనాలో కూలీలకు తొంభై ఆరు వేలు రాసుంది. పల్లెవాళ్లు ఆ మాట విని, "కూలోళ్లు ఎందుకప్పా? ముయ్యికి మేమే వస్తాము" అన్నారు. ఇటుకలు మోశారు, ఇసుక జల్లించారు, పునాది తవ్వారు. డబ్బు పుచ్చుకున్నది మేస్త్రీ ఒక్కడే. తొంభై ఆరు వేలు మిగిలాయి.

ఖర్చు మిగలడం చూస్తే వ్యాపారికి కడుపు నిండుతుంది. మిషన్ శుద్ధి చేశాక వదిలేసే నీళ్లు వృథాగా పోతాయని చౌడప్ప ముందే ఆలోచించాడు. డెబ్భై నాలుగు వేలతో పశువులకు పొడవాటి తొట్టి, ఇరవై రెండు వేలతో బట్టలు ఉతుక్కోవడానికి బండలు వేయించాడు. ఒకే డబ్బుతో రెండు పనులు. బెంగళూరువాళ్లు మెచ్చుకుంటారనుకున్నాడు.

నవంబరులో వాళ్ల ఉత్తరం వచ్చింది. కూలీల బిల్లు లేదు. తొట్టి, బండలు అంచనాలో లేవు. పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే రెండో విడత రద్దు, మొదటి విడత వాపసు.

కార్యదర్శి సునీల్‌కుమార్ ఆ ఉత్తరం రెండుసార్లు చదివి నవ్వాడు.

"ఇంతదానికి మొహం అట్ల పెట్టుకుంటావేందన్నా? కూలోళ్ల పట్టీ ఖాళీది ఉండాది నాకాడ. నలభై పేర్లు రాసి వేలిముద్రలు ఏపిస్తే అయిపాయె. తొట్టిని ఎవురో దానమిచ్చిరి అందాము. అందురూ చేసేదే."

చౌడప్ప పట్టీని చేతిలోకి తీసుకుని తిరగేసి మళ్లీ బల్ల మీద పెట్టాడు.

"సునీలా, ఇరవై మూడేండ్లుగా నా కాటా రాయిని ఎవురూ తిరగేసి చూళ్లేదు. ఎందుకో తెలుసునా?"

"ఎందుకన్నా?"

"ఒక్కసారి చూస్తే ఇంగ రోజూ చూస్తారు. ఈ పట్టీ మనకు కలిపిచ్చేది తొంభై ఆరు వేలు. పోగొట్టేది ఈ క్లబ్బుకు ఇంగ ముందర వచ్చే దుడ్డంతా. బేరం గిట్టదు."

"మరి ఏం రాస్తావు?"

"ఎవురెవురు ఎన్ని దినాలు వచ్చినారో నిజం లెక్క తెస్తాను. ఆ చిక్కమ్మకు తెలియకుండా ఆ పల్లెలో ఆకు కదలదు."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్లాడు. చిక్కమ్మ వాకిట్లో అనపకాయలు ఒలుస్తోంది. సంగతంతా చెప్పాడు. ఎవరు ఎన్ని రోజులు చేశారో ఏమైనా గుర్తుందా అని అడిగాడు.

"గుర్తు ఏమి షావుకారీ, లెక్కే ఉండాది, లోపలికి రా" అని చిక్కమ్మ లేచి గాదె ఉన్న గదిలోకి తీసుకెళ్లింది.

ఎర్రమట్టి గోడ మీద సున్నంలో వేలు ముంచి పెట్టిన చుక్కలు, వరసలు వరసలుగా. చిక్కమ్మకు చదువు రాదు. ప్రతి వరస ముందూ ఒక గుర్తు గీసింది. ఒకచోట నాగలి, ఒకచోట పట్టుపురుగుల తట్ట, ఒకచోట పాలక్యాను. ఆ గుర్తును బట్టి అది ఎవరి ఇల్లో పల్లెంతటికీ తెలుసు. చౌడప్ప వేలితో తాకకుండా ఒక్కొక్క వరసా లెక్కపెట్టుకుంటూ పోయాడు. రెండు వందల నలభై చుక్కలు. నలభై ఇళ్ల మనుషుల రోజులు.

ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇంతకన్నా మంచి పట్టీ ఏ కంట్రాక్టరూ రాయలేడు. అప్పుడు చూశాడు, గోడ రెండో సగం బోసిగా ఉంది. దాని తలమీద ఒక కాటా బొమ్మ.

"ఇదేంది చిక్కమ్మా, ఈ పక్క?"

"అది మీదప్పా. మీ క్లబ్బుది."

"మాదా? మేము ఏం చేసినాము?"

"ఏమీ చేయలేదు గదా, దానికే ఖాళీగా ఉండాది." చిక్కమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ముయ్యి అంటే ఏమనుకుంటివి? నీ కెలసానికి నేను వస్తే, నా పనికి నువ్వు రావల్ల. రాగి కోతకు క్లబ్బోళ్లు వస్తారని మావోళ్లు కొడవళ్లు కూడా సాన పట్టిచ్చి పెట్టినారు."

చౌడప్ప ఇరవై మూడేళ్లుగా రాగులు కొంటున్నాడు. గింజ నోట్లో వేసుకుంటే ఏ ఊరి పంటో చెప్పగలడు. కానీ పొలంలో ఒక్క వెన్నూ కోసినవాడు కాదు, గనిలో పెరిగినవాడు. ముయ్యి అన్న మాట పదిసార్లు విన్నాడు. విన్న ప్రతిసారీ 'ఊరికే చేస్తామంటున్నారు' అనే అర్థం చేసుకున్నాడు.

అలవాటు కొద్దీ బేరానికి దిగాడు.

"మధ్యాన్నం అన్నం, సాంబారు మేమే గదా పెట్టింది. అది తీసేస్తే?"

"అన్నం ఎవురైనా పెట్టేదే. మీరొస్తే మేమూ పెడతాము. రాగిముద్ద, అనపగింజల పులుసు."

"పోనీ, రెండు నూర్ల నలభై దినాలకు కూలి దుడ్డు నేనే ఇచ్చేస్తాను, మీరు ఆళ్లను పెట్టుకోండి."

లోపల మంచం మీది నుంచి పిల్లప్ప గట్టిగా నవ్వాడు. "ఒరే చౌడప్పా! దుడ్డిస్తే అది కూలి అయిపోతాది గదరా. కూలికయితే మావోళ్లు ఎవురూ వచ్చుండరు."

ఆ మాట దగ్గర చౌడప్ప ఆగిపోయాడు. తను చూపించాల్సింది కూడా సరిగ్గా అదే కదా, అది కూలి కాదని.

"మావోళ్లకు కొయ్యను రాదు పిల్లప్పా. మా పండ్ల డాక్టరు దినమంతా కోసినా మీ పల్లెలో మారమ్మ ఒక గంట కోసినంత ఉండదు. దాన్ని ఎట్ల లెక్కేస్తారు?"

"ఆళు అంటే ఆళే" అంది చిక్కమ్మ. "ముయ్యిలో మనిషిని తూకం ఏసేది లేదు. అది నీ మండీలో ఏసుకో."

జీవితంలో మొదటిసారి అవతలివాళ్లు చెప్పిన రేటుకు చౌడప్ప కిమ్మనకుండా తలూపాడు.

క్లబ్బు మీటింగులో సంగతి చెప్పగానే పళ్ల డాక్టరు శివరాజ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "పండ్లు పీకమంటే పీకుతాను చౌడప్పన్నా. రాగులు కొయ్యమంటే యాడికి పొయ్యేది?"

"పీకేదానికంటే కోసేదే సులువు డాక్టరూ. రాగులు అరిచేది లేదు."

"మనిషిని పెట్టి పంపిస్తే కాదా?"

"కాదు. మన మనిషే పోవల్ల. ఇంట్లోవాళ్లు వస్తే వాళ్లదీ ఒక ఆళు." చౌడప్ప వేళ్ల మీద లెక్క చెప్పాడు. "వాళ్లు మన పేరు మీద వచ్చినారు. ఆ పేరుతోనే మనం బెంగళూరులో దుడ్డు తెచ్చినాము. నాకు తెలియక తీసుకుంటిని, తప్పు నాది. అట్లని తీర్చకపోతే రెండో తప్పు."

హెడ్మాస్టరు అందరికంటే ముందు చెయ్యెత్తాడు. ఆ ఆదివారం ముప్ఫై ఒక్కమంది వచ్చారు. డాక్టరు భార్యతో వచ్చి పది నిమిషాల్లో చూపుడువేలు కోసుకున్నాడు. అతని వెనకాల వస్తూ వదిలేసిన వెన్నులు ఏరిన మారమ్మ, "డాక్టరప్పా, రాగుల్ని కొయ్యి, మత్తు సూది ఇచ్చేకి చూడొద్దు" అంటే చేనంతా నవ్వింది. సాయంత్రం చిక్కమ్మ గోడ మీద కాటా బొమ్మ కింద ముప్ఫై ఒక్క చుక్కలు పడ్డాయి. డాక్టరుదీ ఒక నిండు చుక్కే. రిటైరైనవాళ్లు ఆ తర్వాత మామూలు రోజుల్లో కూడా వెళ్లారు.

ఉత్తరం వచ్చిన పద్నాలుగో రోజున, గడువుకు ఒకరోజు ముందు, చైత్ర వచ్చింది. ధర్మసంస్థ తరఫున లెక్కలు చూసే అమ్మాయి. శ్రీనివాసపురం వైపు మనిషి, తెలుగు బాగా వచ్చు. చెప్పకుండా నేరుగా మండీకి వచ్చి చౌడప్ప భార్య సౌభాగ్యను అడిగింది.

"సార్ యాడ?"

"రాగులు కోసేకి పోయినాడమ్మా."

"కొనేకా?"

"లేదు, కోసేకే. నడుం నొప్పని రాత్రంతా మూలిగి, పొద్దున్నే మళ్లా పాయె."

చైత్ర తను వచ్చిన కారులోనే బైరకూరు దాటి పల్లెకు వచ్చింది. చేలో లుంగీ ఎగ్గట్టి కొడవలి పట్టుకున్న కోశాధికారిని దూరం నుంచి చూసింది, పలకరించలేదు. గట్టు మీదున్న మారమ్మను అడిగింది. "గది కట్టేటప్పుడు మీకు ఎంత కూలి ఇచ్చిరమ్మా?"

మారమ్మ కొంగు దులిపి నిలబడింది. "కూలా? ముయ్యికి కూలి ఎవురన్నా తీసుకుంటారా? మాట్లాడేకి ముందర కొంచెం తెలుసుకోని మాట్లాడమ్మా."

చైత్ర ఇంకో ముగ్గురిని అడిగింది. ముగ్గురూ ఇంచుమించు అలాగే కసిరారు. అప్పుడు గోడ చూపించమంది. ఇటు చుక్కలూ అటు చుక్కలూ లెక్కపెట్టి ఫోటోలు తీసింది. ఒక్కొక్క గుర్తు ఎవరిదో చిక్కమ్మ చెబుతుంటే కాగితం మీద పేర్లు రాసుకుని ఇంటింటి చేవ్రాలు తీసుకుంది. బయటికొచ్చాక తొట్టి దగ్గర నిలబడింది.

"సార్, ఊరివాళ్ల శ్రమను వాళ్ల వంతుగా రాసుకునేకి మా రూల్సులో జాగా ఉండాది. అది అయిపోయింది. తొట్టి వేరే కథ. మిగిలిచ్చేది తప్పు కాదు. మమ్మల్ని అడక్కుండా దాన్ని మార్చేది తప్పు."

"ఒప్పుకుంటానమ్మా. వ్యాపారంలో మిగిలింది నాదే అనుకునే అలవాటు. అది నాది కాదని తోచలేదు."

"వదిలేసే నీళ్లకు దారి చూపించల్ల అని మా నిబంధన. తొట్టిని దాంట్లో పెట్టి కమిటీకి రాస్తాను. ఉతికే బండలకు మాత్రం దారి లేదు. ఇరవై రెండు వేలు వాపసు కట్టల్ల."

"పదికి చేసుకోమ్మా."

"మా దగ్గర బేరం లేదు సార్" అని చైత్ర నవ్వింది. చిక్కమ్మ పెట్టిన ముద్ద తిని మరీ వెళ్లింది.

ఇరవై రెండు వేలూ చౌడప్ప తన జేబులోంచే కట్టాడు. క్లబ్బు పద్దులో వెయ్యలేదు. అది తనకు పాఠం చెప్పిన ఫీజు అనుకున్నాడు, ఈ వయసులో అంతకన్నా చవగ్గా ఎవరూ చెప్పరు. జనవరిలో కమిటీ ఒప్పుకున్నట్టు ఉత్తరం, దాని వెనకే మూడు లక్షల ఇరవై వేలు వచ్చాయి. ఫిబ్రవరిలో మిషన్ దించారు. మొదటి బిందె పట్టినరోజున పిల్లప్పను కుర్చీతో సహా ఎత్తుకొచ్చారు. అతను ఒక గ్లాసు తాగి, నాలుక చప్పరించి, "రుచే లేదు కదరా చౌడప్పా" అని ఇంకో గ్లాసు అడిగాడు.

ఆ రాత్రి సౌభాగ్య అడిగితే చౌడప్ప చివరి లెక్క చెప్పాడు. పోయినవి: ఇరవై రెండు వేలు, రెండు వారాల నడుం, డాక్టరు వేలి మీద మూడు కుట్లు. వచ్చినవి: మిషన్, గది, తొట్టి, బండలు. బెంగళూరువాళ్లు బేతమంగళ వైపు ఇంకో పల్లెకు అర్జీ పెట్టుకోమని వాళ్లంతట వాళ్లే రాసిన ఉత్తరం. పన్నెండు మూటలకు బదులుగా పిల్లప్ప ఇంటికి రోజుకు రెండు బిందెలు. గోడ మీద కాటా బొమ్మ కింద నూట డెబ్భై తొమ్మిది చుక్కలు.

"ఇంగా అరవై ఒకటి బాకీ ఉండాది గదా?" అంది సౌభాగ్య.

"ఉండాది. మామిడికాయలు దించేకి రమ్మన్నారు, మే నెలలో. నిన్ను కూడా రమ్మని చెప్పింది చిక్కమ్మ."