నేను కుట్టిన వానకోటు

చెల్లి నాతో మాట్లాడి ఆరేళ్లయింది. దాని పెళ్లికి ముందురోజు, "వాణ్ణి చేసుకుంటే నాకు చెల్లెలు లేనట్టే" అన్నాను. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నాది జారడం కూడా కాదు, కావాలనే అన్నాను.

ఆదివారాల్లో అది కొత్తవాళ్లను కొండల్లో నడిపిస్తుందని నా దగ్గర బట్టలు కుట్టించుకునే టీచరమ్మ చెప్పింది. వెంటనే పేరిచ్చేశాను. రెండంతస్తుల మెట్లెక్కితేనే ఆయాసపడే మనిషిని. అయినా సరే, దాని నోట నాతో ఒక్క మాట వినాలి. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు.

వానకోటు తెచ్చుకోమన్నారు. దర్జీనై ఉండి కొనుక్కుంటానా, సిగ్గులేకపోతే! నీరు పట్టని గుడ్డ తెచ్చి, రెండు రోజులు కూర్చుని కుట్టాను. భుజాల మీద రెండేసి వరసల కుట్లు. నా చేతిపని చూస్తే దాని మనసు కరుగుతుందని ఆశ.

కొండ కింద అది అందర్నీ లెక్కపెట్టింది. నా దగ్గరికొచ్చి "పన్నెండు" అంది, ముందుకు నడిచింది. అంతే.

పావుగంటలో వాన అందుకుంది. భుజాల మీద ఏదో పాకుతోంది. చెమటేమో అనుకున్నాను. చెమట అంత చల్లగా ఉంటుందా, నా మొహం! నాచు పట్టిన రాళ్ల మీద రెండుసార్లు కూలబడ్డాను.

"అమ్మా, కొండని కాళ్లతో ఎక్కాలి, కూర్చుని కాదు" అన్నాడు వెనకొచ్చే ముసలాయన.

"మీరు నోరు మూసుకుని నడవండి" అన్నాను. ఆరేళ్లయినా నా నోటికి బుద్ధి రాలేదు.

చెల్లి మలుపు తిరిగి కనబడకుండా పోయేసరికి ప్రాణం ఆగలేదు. దారి చుట్టూ తిరుగుతోంది కదా, అడ్డంగా మధ్యలోని పచ్చిక దాటితే దాని పక్కకే చేరొచ్చనుకున్నాను. మూడో అడుగుకి మోకాళ్లదాకా బురదలో దిగబడ్డాను. లాక్కున్నకొద్దీ ఇంకా లోపలికి పోతున్నాను. "ఓరి దేవుడో!" అని కేకపెట్టాను. ముసలాయన గట్టిగా ఈల వేశాడు. చెల్లి పరుగెత్తుకొచ్చి చేతికర్ర చాచింది.

"పట్టుకో! తన్నుకోకు, వెనక్కి వాలు!"

ఎలాగో బయటపడ్డాను. ఒక బూటు బురదలోనే ఉండిపోయింది. చలికి వణుకుతున్నానని అది నా కోటు విప్పింది. లోపలంతా తడిసి ముద్ద. భుజం మీది కుట్లు వేళ్లతో తడిమి చూసింది.

"వీటి మీద టేపు అంటించావా?"

"టేపెందుకు?"

"సూది దిగిన చోటల్లా కన్నమే కదే! ఎన్ని కుట్లేస్తే అన్ని చోట్లా నీళ్లు. నీ పనితనమే నిన్ను ముంచింది."

సంచిలోంచి తన పొడి స్వెట్టర్ తీసి, చిన్నపిల్లకి తొడిగినట్టు నాకు తొడిగింది.

"ఆ రోజు నేనన్నది తప్పే" అన్నాను. పళ్లు టకటకలాడుతున్నాయి. "నీ మీద బెంగతో చచ్చిపోతున్నానే."

అది వంగి, బూటు లేని పాదానికి ప్లాస్టిక్ సంచి చుట్టి కట్టింది. ఇవాళ్టికి చాలు, దిగిపోదామని అందరికీ చెప్పింది. కిందిదాకా నా చెయ్యి వదల్లేదు.

దిగాక, "వచ్చే ఆదివారం నువ్వు కొండకి రాకు" అంది. నా గుండె ఆగినంత పనయింది.

"నీకు నడక చేతకాదు. ఇంటికి రా. నీ మరిది కూడా ఉంటాడు."

ఏడుపు ఆపుకోలేక తలూపాను.

"ఇల్లెక్కడో తెలుసా?" అంది.

తెలీదన్నాను. నెలకోసారి ఆ వీధి మలుపుదాకా వెళ్లి, వాళ్ల కిటికీ చూసి తిరిగొచ్చేదాన్నని చెప్పడానికి నోరు రాలేదు.