మూడో మంట దగ్గర ముసలమ్మ

నరసింహన్ ఆ పిల్లను మళ్లీ గోడకేసి గుద్దాడు. పిల్ల ఉన్నది ఫోన్‌లో ఆడే గేమ్‌లో. కూలిపోయిన కొబ్బరి మండీ గోడకు దాన్ని ఆనించి, బొటనవేలితో ముందుకే తోస్తూ, అవతలికి దూరిపోతుందేమో చూస్తున్నాడు. దూరిపోతే గేమ్‌లో తప్పున్నట్టు. దూరకపోతే పక్క గోడ. నలభై ఏడేళ్ల మనిషి పొద్దున్నే ఇడ్లీ తిని, నుదుట నామం దిద్దుకుని, బస్సెక్కి వచ్చి చేసే ఉద్యోగం ఇదీ అంటే ఎవరు నమ్ముతారు? పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే 'కంప్యూటర్ లైన్' అని మాట తుంచేస్తాడు.

సింగానల్లూరులో, మోటార్లకు తీగ చుట్టే వర్క్‌షాపు పైన మేడగది అది. కిందనుంచి సుత్తి మోత, వార్నిష్ కంపు. మధ్యాహ్నానికల్లా ఫోన్ కాగిపోతుంది కాబట్టి తడిగుడ్డ మీద పెట్టి ఆడతాడు. తోసి తోసి బొటనవేలి కొస కాయకాసి, ఒక్కోసారి ఫోన్ దాన్ని వేలిగా గుర్తించదు. అప్పుడు నాలుకకు అద్దుకుని మళ్లీ తోస్తాడు. ఒకప్పుడు ఫోన్లు బాగుచేసే సొంత కొట్టుండేది. అది మూతపడ్డాక దూరపు చుట్టం ఆనంద్‌కుమార్, ఎవరెవరో చేసిన గేములు పరీక్షించి పెట్టే కంపెనీ తెరుస్తూ పిలిచాడు. పిలిచినప్పుడు ఒకే మాట అడిగాడు, తెలుగు తెలుసు కదా అని.

తెలీకేం? వందల ఏళ్ల కిందట ఈ కోయంబత్తూరు సీమకు వచ్చిపడ్డవాళ్ల ఇల్లు. అమ్మ పాపమ్మాళ్ దీవించినా తిట్టినా తెలుగులోనే. కానీ చదవడం వేరు. బడిలో చెప్పింది తమిళం, ఆ తర్వాత కాస్త ఇంగ్లీషు. తెలుగు రాత చూస్తే ఆయనకు వాకిట్లో ముగ్గు చూసినట్టే ఉంటుంది. ఆ ముక్క ఆనాడే చెప్పేస్తే పోయేది. చెప్పలేకపోయాడు. ఎప్పుడో తిరుపతిలో, బస్సు బోర్డు మీద ఏం రాసుందని పక్కనున్న పెద్దాయన్ని తెలుగులోనే అడిగితే, ఇంత మాట్లాడతావు, చదవడం రాదా అని ఆయన కాలి చెప్పుల నుంచి నెత్తి దాకా చూశాడు. పక్కనే భార్య భాగ్యం ఉంది. ఆ చూపు ఇప్పుడు తలుచుకున్నా నరసింహన్‌కు చెవులు వేడెక్కుతాయి.

ఈ గేమ్ వచ్చే దాకా ఆ లోటు ఎవరికీ తెలియలేదు. దిండిగల్‌లో బ్యాంకు పరీక్షలకు చదువుతున్న దేవిప్రియ అనే అమ్మాయి ఒక్కతే కూర్చుని చేసింది దీన్ని. గేమ్‌లో లోకం ఎండి మాడిపోయింది. పొల్లాచ్చి తోపుల్లో తలలు రాలిన కొబ్బరి మోళ్లు. మిగిలిన ఒక పిల్ల, ఒక ముసలమ్మ అక్కణ్ణించి కోయంబత్తూరు దాకా నడుస్తారు. ఆడేవాళ్లే ఆ పిల్ల. దారిలో మూడు చోట్ల మంట వేసుకుంటారు. గంటలో అయిపోయే చిన్న గేమ్. మాటలన్నీ తెలుగులో రాసి ఉంటాయి. ఆనంద్‌కుమార్ గర్వంగా, మా దగ్గర తెలుగాయన ఉన్నాడమ్మా అని చెప్పి ఈ పని ఒప్పుకున్నాడు.

గేమ్ బయటికి రాకముందు నరసింహన్ దాన్ని ఆడాడు. మంట దగ్గర కూర్చున్నప్పుడల్లా ముసలమ్మ నోటి నుంచి అక్షరాలు పుట్టలోంచి చీమల్లా వచ్చేవి. ఫోన్ చేతనే తమిళంలోకి మార్పించబోతే, ఇళ్లలో మాట్లాడే ఆ తెలుగు దానికీ ఎక్కక ఏదేదో వాగింది. ఇంక చేసేదేముంది, నొక్కుకుంటూ పోయాడు. గోడలు చూశాడు, గుంతలు చూశాడు. తీరా దేవిప్రియ ఫోన్ చేసి మంచీ చెడ్డా అడిగితే, నడక బాగుంది, గాలి చప్పుడు బాగుంది అన్నాడు. చెడ్డ కూడా ఒకటి చెప్పకపోతే పని చేయలేదనుకుంటారు కదా. ముసలమ్మ మాటలు రొంబ పొడుగు, ఆడేవాళ్లకు విసుగు, తీసేయమ్మా అన్నాడు. ఆ అమ్మాయి సరి అన్నా అంది.

గేమ్ విడుదలైంది. ఆడినవాళ్లు మెచ్చుకున్నారు కూడా. ఆ దుమ్ము, ఆ మోళ్ల మధ్య గాలి వింటే ఒళ్లు జలదరించిందన్నారు. కొట్లాటలు మొద్దుగా ఉన్నాయని, మరీ పొట్టిదని గొణిగారు. అందరూ కలిసి వేలెత్తి చూపింది మాత్రం ముసలమ్మను. మూడో మంట దగ్గర పడుకుని లేచేసరికి ఆమె ఉండదు. ఎందుకు పోయిందో తెలీదు. ఇదేదో తప్పు, బాగుచేయండి అని రాశారు.

ఆ తప్పేదో పట్టమని ఈ పొద్దున ఆనంద్‌కుమార్ పురమాయించాడు. నరసింహన్ మూడో మంట దాకా వెళ్లాడు, పడుకున్నాడు, లేచాడు. నిజమే, లేదు. మళ్లీ వెళ్లాడు. బండల వెనక, కూలిన వంతెన కింద, ప్రతి మోడు చాటునా ముసలమ్మ కోసం వెతికాడు. నేలలోకేం జారలేదు, గోడలోనూ ఇరుక్కోలేదు. పూర్తిగా మాయం.

మధ్యాహ్నం దేవిప్రియే వచ్చింది. సన్నటి మనిషి. దిండిగల్ నుంచి బస్సులో నిలబడే వచ్చిందేమో, నీళ్లు తాగి కుర్చీలో కూలబడింది. ఆయన వెతుకులాటంతా విని తల అడ్డంగా ఊపింది.

"అది బగ్గు కాదన్నా. అవ్వ తెలిసే పోతుంది. ముందు రాత్రి అంతా చెప్తా ఉండె. ఆ మాటలు మనం తీసేస్తిమి కదా."

నరసింహన్ చేతిలో ఫోన్‌ను తడిగుడ్డ మీద పెట్టేశాడు. ఏం చెబుతుండేదని అడగడానికి లేదు. చదివినవాడు అడుగుతాడా? అందుకని, నీ నోటితో ఒకసారి వినాలనుందమ్మా అన్నాడు. ఆ తెలివికి తనకే రోత పుట్టింది.

దేవిప్రియ తన ఫోన్ తీసింది. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. ఆమె బడి కూడా తమిళమే. వాళ్ల అవ్వ మాటలు రాసిపెట్టాలని ఈ మధ్యే అక్షరాలు నేర్చుకుందట.

"పాపా, రేపు నువ్వు లేచేతప్పుడు నేను ఉండను. ఎతకవద్దు. నా కాళ్లు ఈడికే. భయమయితే మాట్లాడుకుంటా నడువు. వినేవాళ్లు లేకున్నా మాట్లాడు. మాట ఎండిపోతే మనిషి ఎండిపోయినట్టే."

అచ్చం అమ్మ. అమ్మే ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. ఇలాంటి మాటల్నా తను విసుగన్నాడు? ఒక్క ముక్క కూడా తెలుసుకోకుండా గొంతు నులిమేశాడు. సిగ్గుతో నరసింహన్ తల ఎత్తలేకపోయాడు, తడిగుడ్డ మీది ఫోన్‌నే చూస్తూ కూర్చున్నాడు.

"నాకేమో ఈ మాటలే బాగా ఉండాయని అనిపించె," అంది దేవిప్రియ. "అయినా మీరు మనోళ్లు. ఇంట్లో ఇదే మాట మాట్లాడేవాళ్లు. మీకే విసుగయితే ఇంగ ఎవరికి నచ్చుతుంది? తీసేస్తిని. ఇంగ రాసేది నాకొద్దన్నా. బ్యాంకు పరీక్షకే చదువుకుంటా."

నరసింహన్ తల ఎత్తాడు. "మళ్లీ పెట్టేయమ్మా. నేను చెప్పింది తప్పు."

దేవిప్రియ నవ్వింది. ఆ నవ్వులో కోపం లేదు, ఉన్నా బాగుండేది.

"ఇప్పుడు నా మొగం చూసి చెప్తా ఉండారు. ఆ దినం ఫోన్‌లో చెప్పిందే నిజం."

ఇక మిగిలింది ఒకటే మాట. నాకు చదవడం రాదు. అది బయటపెడితే ఈ అమ్మాయికి తన రాత మీద తనకు నమ్మకం తిరిగొస్తుంది, ముసలమ్మకు నోరు తిరిగొస్తుంది. తన ఉద్యోగం పోతే పోతుంది. నరసింహన్ నోరు తెరిచాడు. "నాకు..." అన్నాడు.

అంతలో ఆనంద్‌కుమార్ తలుపు తోసుకొచ్చాడు. మా తెలుగు పండితుడు ఏం తేల్చాడమ్మా అని నరసింహన్ భుజం తట్టాడు. దేవిప్రియ ఆ నవ్వుతోనే, బగ్గేమీ లేదు సార్, తప్పంతా నా రాతలోనే అంది. ఆమె ఒక్క క్షణం నరసింహన్ వైపు చూసింది, ఆ 'నాకు' తర్వాతి మాట కోసం. నరసింహన్ అవునన్నట్టు తలూపాడు. ఎందుకు ఊపాడో దేవుడికే తెలియాలి. ఛీ, దేవుడిదాకా ఎందుకు, ఆయనకే తెలుసు.

దేవిప్రియ బస్‌స్టాండుకు వెళ్లిపోయింది. మెట్లు దిగుతూ, వస్తానన్నా అని మర్యాదగానే చెప్పింది.

సాయంత్రం కింద సుత్తులు ఆగాయి. అందరూ ఇళ్లకు పోయారు. నరసింహన్ గేమ్ తెరిచి, ఏ గోడనూ గుద్దకుండా తిన్నగా మూడో మంట దాకా నడిచాడు. పిల్ల, ముసలమ్మ ఎదురెదురుగా కూర్చున్నారు. ముసలమ్మ ఏమీ మాట్లాడలేదు. పిల్ల పడుకుంది. తెల్లారింది. ముసలమ్మ లేదు.

ఈసారి ఆయన ఆమెను వెతకలేదు. చల్లారిన బూడిద పక్కన ఎండిన సొరకాయ బుర్ర ఒకటి ఉంది. ఇన్నిసార్లు మనిషి కోసమే చూసి దాన్ని పట్టించుకోలేదు. బొటనవేలు తడుపుకుని మెల్లగా తాకాడు. బుర్రలో నీళ్లు కదిలిన చప్పుడైంది. పైన రెండు వరసల అక్షరాలు వెలిగాయి. ముసలమ్మ మాటలన్నీ తీసేసినా ఇవి మిగిలాయన్నమాట. మళ్లీ నొక్కితే, అప్పట్లాగే చదవకుండానే పోతాయి. నరసింహన్ వేలు వెనక్కి తీసుకున్నాడు.

బూడిద పక్కన సొరబుర్ర అలాగే ఉంది, నిండుగా, నెత్తిన రెండు వరసల తెలుగుతో.