ఆగమన కాలపు తాళం

శనివారం మధ్యాహ్నం సిబిల్లా క్యాబేజీ తరుగుతుంటే ఆమె భర్త వాలెంటిన్ రొప్పుతూ లోపలికి వచ్చాడు. టోపీ మీద మంచు కూడా దులుపుకోలేదు.

"చర్చి కాపలావాడు ఆర్గన్ మూతకి తాళం వేసేశాడు! నా మీద ఎవడేం చాడీలు చెప్పాడో!"

"చాడీలేంటి? రేపటినుంచి ఆగమన కాలం కదా. క్రిస్మస్ దాకా ఆర్గన్ నోరెత్తదు. నా చిన్నప్పటినుంచీ ఇక్కడ ఇంతే."

వాలెంటిన్ బెంచీ మీద కూలబడ్డాడు. "మా ఊళ్ళో ఈస్టరు ముందు శ్రమకాలంలో మాత్రమే మూస్తారు."

"సరే, నాలుగు వారాలు చేతులు వెచ్చగా దాచుకో."

"రేపు లూడెకస్‌గారు వస్తున్నారు సిబిల్లా. నా వాయింపు వినడానికి."

ఆమె కత్తి ఆగిపోయింది. లూడెకస్ నగరంలోని పెద్ద చర్చికి సంగీతాధికారి. అక్కడ ఆర్గనిస్టు ఉద్యోగం ఖాళీగా ఉందని ఆమెకూ తెలుసు. ఈస్టరుకి ఈ ఊరి చర్చిలో ఆర్గన్ వాయించడానికొచ్చిన వాలెంటిన్ ఆగస్టులో ఆమెను పెళ్ళాడాడు. అప్పటినుంచీ ఆ పెద్ద ఆర్గన్ గురించే కలలు కంటున్నాడు. లూడెకస్‌ని రమ్మని ఉత్తరం రాసింది అతనే, రోజు ఎంచింది అతనే. ఆమెను ఆశ్చర్యపరుద్దామని ఒక్క ముక్క చెప్పలేదు.

ఇద్దరూ పాస్టరుగారింటికి పరుగెత్తారు.

"ప్రభువు రాకకోసం మౌనంగా ఎదురుచూసే రోజులివి," అన్నాడాయన పైపు నోట్లోంచి తీయకుండా. "నీ ఉద్యోగం తేలేదాకా ఆయన్ని వాకిట్లో ఆగమంటావా?"

"ఆరాధన అయ్యాక, తలుపులు మూసి, ఒక్క పావుగంట, అయ్యగారూ."

"తలుపులు మూస్తే ఆ గొట్టాలు ఊరుకుంటాయా? ఊరంతా వినదూ?"

తాళంచెవి ఆయన నడుముకే వేలాడుతోంది. సిబిల్లా చూపు దాని మీదే ఉండిపోయింది.

ఆదివారం లూడెకస్ రెండో వరసలో కూర్చున్నాడు. వాలెంటిన్ ఆర్గన్ లేకుండానే కింద నిలబడి సన్నటి గొంతుతో కీర్తన ఎత్తుకున్నాడు. జనం ఎద్దుబండిలా వెనకాల ఈడ్చుకుంటూ వచ్చారు. ఆరాధన అయ్యాక చెప్పులు కుట్టే నికెల్ గుమ్మం దగ్గరే కాచుకున్నాడు.

"ఇవాళ హాయిగా పాడుకున్నాం అయ్యా! చరణానికీ చరణానికీ మధ్య నువ్వు ఆ మెలికలన్నీ తిప్పుతుంటే మా ఆవిడ ఎక్కడుందో మర్చిపోయి మళ్ళీ మొదటికి పోయేది."

అతిథి పక్కనే ఉన్నాడు. వాలెంటిన్ చెవులు ఎర్రబడ్డాయి.

ఇంట్లో సిబిల్లా సూపు, రై రొట్టె పెట్టింది. "ఇంకొక్కసారి రాలేరా, అయ్యా?" అని తనే అడిగేసింది.

"బుధవారమే చర్చి సభ తేల్చేస్తుందమ్మా. ఆ ఉద్యోగం అడిగిన మిగతా ఇద్దరినీ విన్నాను."

వాలెంటిన్ గిన్నె పక్కకు నెట్టాడు. పది వేళ్ళూ బల్ల మీద పరిచి, శరదృతువంతా కూర్చి రాసుకున్న తన సంగీతం మొదలుపెట్టాడు. ఆర్గన్ కాలిమెట్ల మీద ఉన్నట్టే కాళ్ళు చెక్క నేల మీద మంద్రస్వరాలు వెతుక్కున్నాయి. చెంచాలు గలగలలాడాయి, సూపు ఒలికింది. లూడెకస్ రొట్టె కింద పెట్టి చివరిదాకా చూశాడు.

"ఆ ఎడమకాలు భలే నడిచింది," అన్నాడు, నిజంగానే. "కానీ సభకు ఏమని చెప్పను బాబూ? బల్ల బాగా మోగిందనా?"

చీకటి పడేలోపు నగరం చేరాలని లేచి, బొచ్చు టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

బయట బండి గంటల చప్పుడు ఆగాక సిబిల్లా అతనివైపు తిరిగింది.

"నాతో ఒక్క మాట అనుంటే పోయిన ఆదివారానికే ఆయన్ని పిలిపించేదాన్ని."

"అనలేదు."

"ఈ ఊరి పిల్లని చేసుకుని ఈ ఊరి సంగతి అడగడానికి నామోషీనా?"

వాలెంటిన్ వేళ్ళు మళ్ళీ బల్ల మీద మొదలయ్యాయి. ఆమె తడిగుడ్డతో అతని చేతుల చుట్టూ సూపు తుడిచింది. చివరికి ఆ గుడ్డనే అతని వేళ్ళ మీద పడేసింది.

"ఆపుతావా, ఈ బల్లకి కూడా తాళం వేయమంటావా?"

చేతులు ఆగాయి. బల్ల కింద కాళ్ళు మాత్రం ఆగలేదు.